అమ్మానాన్నలతో యోసెమిటీ: కరోనా రోజుల్లో వెళ్ళొచ్చాక

2020 జూన్ 29, 30 తేదీల్లో కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కుకి వెళ్ళొచ్చాం. వెంటనే రాయకుండా పద్నాలుగు రోజులు ఆగాను. నాన్నకి 71 ఏళ్ళు, షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. అమ్మకి 66. తిరిగొచ్చిన దగ్గర్నుంచి పొద్దునా సాయంత్రం ఇద్దరికీ జ్వరం చూశాను, వేలికి ఆక్సిజన్ మీటరు పెట్టి చూశాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాట ధైర్యంగా చెప్పగలిగాకే ఇది రాస్తున్నాను.

మేముండేది శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలోని ఫ్రీమాంట్‌లో. అమ్మావాళ్ళు డిసెంబరులో తెనాలి నుంచి వచ్చారు. జూన్ మొదట్లో తిరుగు టిక్కెట్టు. మార్చి 22 నుంచి మన దేశం బయటి విమానాలన్నీ ఆపేసింది. ఇక్కడ ఉండే గడువు పొడిగించమని అర్జీ పెట్టాం, బయట చిక్కుకున్నవాళ్ళని తీసుకెళ్ళడానికి మన ప్రభుత్వం నడుపుతున్న వందే భారత్ విమానాలకి పేర్లు రాయించాం, ఇంకా పిలుపు రాలేదు. బే ఏరియాలో ఇవాళ ఎన్ని తెలుగు ఇళ్ళల్లో ఇదే పరిస్థితో నాకు తెలుసు, అందుకే వాళ్ళ కోసం వివరంగా రాస్తున్నాను. నాన్న ఊళ్ళో తెల్లారకముందే లేచి కాలవ గట్టు మీద గంట నడిచొచ్చే మనిషి. ఇక్కడ వంద రోజుల పాటు మా పెరట్లో ఇరవై అడుగుల సిమెంటు గచ్చు మీద ఆ చివర నుంచి ఈ చివరికి తిరిగారు. జూన్‌లో ఒకరోజు అన్నం దగ్గర కూర్చుని, "తల్లీ, ఎక్కడికైనా తీసుకెళ్ళి నాలుగు చెట్లు చూపించమ్మా" అన్నారు. నాన్న నోరు తెరిచి ఏదైనా అడగడం నా చిన్నప్పటి నుంచీ నేను పెద్దగా చూడలేదు.

ముందే చెప్తున్నాను, పార్కు లోపల ఆ రెండు రోజుల్లో నేను భయపడింది రెండు మూడుసార్లే. భయమంతా దారిలో ఉంది. అందుకే పార్కు గురించి ఎంత రాస్తానో దారి గురించీ అంతే రాస్తాను.

ముందు స్లాటు సంగతి, అంటే పార్కు లోపలికి వెళ్ళడానికి ముందుగా తీసుకునే రిజర్వేషన్. పార్కుని మార్చి 20న మూసేశారు, జూన్ 11న తెరిచారు. ఈ తేదీలు చెప్తే నాన్న చెయ్యి పైకెత్తి దణ్ణం పెట్టారు. తిరుమలలో భక్తులకి దర్శనం ఆపింది మార్చి 20నే, మళ్ళీ అందరికీ తెరిచింది జూన్ 11నే. అక్కడ మొదట్లో రోజుకి ఆరు వేల మందికే దర్శనం. ఇక్కడా అలాగే లెక్క కట్టారు. పగటిపూట వచ్చి వెళ్ళే కార్లకి రోజుకి 1,700 పాసులు, లోపల గదో క్యాంపో ఉన్నవాళ్ళ కార్లకి మరో 1,900. మామూలు జూన్ నెలలో వచ్చే జనంలో దాదాపు సగం అన్నమాట. ఆ సగమే ఈ ప్రయాణానికి ప్రాణం. జనం పల్చగా ఉంటారన్న ఒక్క నమ్మకం లేకపోతే నేను అమ్మానాన్నల్ని ఇంటి గడప దాటించేదాన్ని కాదు.

2020 వేసవిలో రిజర్వేషన్ రుసుము 2 డాలర్లు, అది తిరిగి వచ్చేది కాదు. స్లాట్లలో ఎనభై శాతం నెల ముందే ఇచ్చేసేవారు, మిగిలిన ఇరవై శాతాన్ని రెండు రోజుల ముందు పొద్దున్నే విడుదల చేసేవారు. నేను చూసేసరికి నెల ముందువి అన్నీ అయిపోయాయి. 29వ తేదీకి కావాలంటే 27వ తేదీ పొద్దున పట్టుకోవాల్సి వచ్చింది. నేను ఒక లాప్‌టాప్ దగ్గర, మా ఆయన ఇంకో లాప్‌టాప్ దగ్గర కూర్చున్నాం. కార్డు వివరాలు ముందే ఎక్కించి పెట్టుకున్నాం, అదే మమ్మల్ని గట్టెక్కించింది. శని ఆదివారాల మీద ఆశ పెట్టుకోకండి. సోమవారం నుంచి గురువారం లోపు చూసుకోండి. పెద్దవాళ్ళుంటే అసలు ఆ రోజులే వెళ్ళాలి.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది: ఆ స్లాటు ఏడు రోజులు చెల్లేది. అంటే దగ్గర్లో ఎక్కడైనా బస పెట్టుకుని రెండు మూడు రోజులు లోపలికి వెళ్ళి రావడానికి వీలుండేది. ఫ్రీమాంట్ నుంచి ఒక్క రోజులో వెళ్ళొచ్చేవాళ్ళున్నారు గానీ, పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు, పెద్దవాళ్ళకి అది శిక్ష. రిజర్వేషన్ ఎవరి పేరున తీసుకున్నామో వాళ్ళు కారులో ఉండి, ఫొటో గుర్తింపు కార్డు చూపించాల్సి వచ్చేది. కాగితం మీద ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి, లోపల ఫోను సిగ్నలు మీద ఆధారపడొద్దు.

2020లో ప్రవేశ రుసుము కారుకి 35 డాలర్లు. మాకు అదీ కాలేదు. నాలుగో తరగతి పిల్లలకి ఫెడరల్ పార్కులన్నిటికీ ఏడాది పాటు ఉచిత పాసు ఇస్తారు, కారులో ఉన్న కుటుంబమంతా దాని మీద వెళ్ళొచ్చు. మా బాబు ఈ ఏడాదే నాలుగు పూర్తి చేశాడు, వాడి పాసు ఆగస్టు 31 దాకా పనికొస్తుంది. మీ ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే ఆ పాసు వదులుకోకండి. గేటు దగ్గర రేంజరు మాస్కు పెట్టుకుని ఉంది. మేం కాగితాలు కారు అద్దానికి ఆనించి పట్టుకున్నాం, ఆవిడ వంగి చదివి వెళ్ళమని చెయ్యి ఊపింది. "మా మనవడే మమ్మల్ని తీసుకొచ్చాడు" అని నాన్న ఇప్పటికీ ఫోన్లో బంధువులందరికీ చెప్తున్నారు.

ఇక దారి. 680, 580, 205 హైవేలు దాటి 120వ నంబరు రోడ్డు పట్టుకుంటే ఓక్‌డేల్ ఊరి దాకా బాదం తోటలు. అక్కడి నుంచి కొండలు. ఆగడం అనేది ఎంత తగ్గిస్తే అంత మంచిదని ముందే అనుకున్నాం. కారులో గ్యాస్, అదే పెట్రోలు, ముందురోజే నింపేశాం. కానీ షుగరున్న మనిషి గంటన్నరకి మించి ఎలా ఆగుతారు? ఒక ఊళ్ళో గ్యాస్ స్టేషన్ దగ్గర ఆపాం. ఊరి పేరు అనవసరం. లోపల బాత్రూము ఒకటే, ఆ ఇరుకు సందులో ఆరుగురు వరసలో నిలబడి ఉన్నారు. ముగ్గురికి మాస్కు లేదు. కౌంటర్లో అబ్బాయికీ లేదు. జూన్ 18న రాష్ట్రమంతా మాస్కు తప్పనిసరి చేశారు, అప్పటికి పది రోజులే అయింది. నాన్న తలుపు తీసి చూసి వెనక్కి వచ్చేశారు. "పర్లేదులే, ఆగుతాను" అన్నారు. ఆ మాట విని నాకు కడుపులో దేవినట్టయింది. పెద్దవాళ్ళు ఇబ్బంది బయటికి చెప్పరు, నీళ్ళు తాగడం మానేస్తారు, ఎండలో ఆ మానేయడమే ప్రమాదం.

ఆ ఇబ్బందికి మందు మా డిక్కీలోనే ఉంది. క్యాంపింగు చేసేవాళ్ళు వాడే మడత కమోడు ఒకటి, దాని చుట్టూ నిలబెట్టే చిన్న గుడారం ఒకటి ముందే తెప్పించి పెట్టుకున్నాం. లోపల దళసరి సంచీ వేసి, అడుగున పిల్లికి వాడే ఇసక పోస్తే వాసన రాదు, తొణకదు. సంచీ ముడి వేసి ఇంకో సంచీలో పెట్టి మూత ఉన్న డబ్బాలో వేసుకుని చెత్తబుట్ట ఉన్నచోట పారేయడమే. అమ్మకి మొదట ఒప్పుకోవడానికి ప్రాణం ఒప్పలేదు. "రోడ్డు పక్కనా?" అంది. రోడ్డుకి దూరంగా, చెట్ల మాటున వెడల్పాటి చోటు చూసి గుడారం వేశాక లోపలికి వెళ్ళొచ్చి, "ఆ బాత్రూముల కంటే ఇదే నయం అమ్మాయ్" అంది. రెండు రోజుల్లో పార్కు బయట మేం వాడిన పబ్లిక్ బాత్రూములు సున్నా. మీరు ఈ సమీక్షలో ఇంకేమీ గుర్తు పెట్టుకోకపోయినా ఈ ఒక్కటి గుర్తు పెట్టుకోండి. మన ఇళ్ళల్లో ఈ విషయం ఎవరూ పైకి మాట్లాడరు, కానీ పెద్దవాళ్ళతో ప్రయాణం అంటే ముందు ఆలోచించాల్సింది దీని గురించే.

చేతులు కడుక్కోవడానికి అడుగున కుళాయి ఉన్న నీళ్ళ క్యాను ఒకటి డిక్కీ అంచున పెట్టాం. పక్కనే సబ్బు తాడుకి కట్టి వేలాడదీశాం. శానిటైజరు ఉంది గానీ చేత్తో కలుపుకుని పులిహోర తినేవాళ్ళకి సబ్బూ నీళ్ళూ కావాలి.

మాస్కుల సంగతి కూడా చెప్పాలి. 2018 నవంబరులో పారడైజ్ ఊరు తగలబడినప్పుడు బే ఏరియా అంతా పొగ కమ్మేస్తే కొన్న ఎన్95లు మా గరాజులో ఒక పెట్టె మిగిలి ఉన్నాయి. వాటిలో నాలుగు మాస్కులు ఆసుపత్రికి ఇచ్చేసి, మిగిలినవి అమ్మానాన్నలకి ఉంచాను. వాటికి ముందువైపు చిన్న ప్లాస్టిక్ కవాటం ఉంది, అందులోంచి మనం వదిలిన గాలి వడపోత లేకుండా బయటికి పోతుంది. అంటే మనకి రక్షణ, ఎదుటివాళ్ళకి లేదు. అందుకని దాని మీద గుడ్డ మాస్కు. ఆ గుడ్డవి అమ్మ కుట్టింది, తన పాత మంగళగిరి నేత చీర కొంగు చించి. ముదురు ఆకుపచ్చ, అంచున సన్నటి జరీ. రెండు మడతలు, మధ్యలో ఇంకో పొర, చెవుల దగ్గర బాబు పైజమాలోంచి తీసిన ఎలాస్టిక్. నాన్న కళ్ళజోడు ఆవిరి పట్టి ఏమీ కనపడక తడబడుతుంటే, అమ్మ మాస్కు పై అంచులో కాయితాల క్లిప్పు ఒకటి తిన్నగా చేసి దూర్చి ముక్కు మీద వంచింది. ఆ తర్వాత అద్దాలు మసకబారలేదు.

పార్కుకి ముందు వచ్చే ఊరు గ్రోవ్‌లాండ్. దానికి ముందు ప్రీస్ట్ గ్రేడ్ అనే ఘాట్ రోడ్డు వస్తుంది. మాస్కు పెట్టుకుని ఆ మలుపుల్లో అమ్మకి కడుపులో తిప్పింది. కారులో మనవాళ్ళమే ఉన్నప్పుడు మాస్కు ఎందుకు, తీసేయమన్నాను, అద్దాలు దించాం, తేరుకుంది. గ్రోవ్‌లాండ్ దగ్గర విడిగా ఉండే ఒక చిన్న ఇల్లు రెండు రాత్రులకి తీసుకున్నాం. తాళం చెవి గోడకున్న నంబరు పెట్టెలో, మనిషితో పనే లేదు. మా ఆయన ముందు వెళ్ళి కిటికీలన్నీ తెరిచి, ఫ్యాన్లు వేసి, గంట తర్వాత మమ్మల్ని లోపలికి రానిచ్చారు. అది చాదస్తం అనిపించొచ్చు. 2012లో ఇదే యోసెమిటీ లోయలో గుడార గదుల్లో ఎలకల వల్ల హాంటా వైరస్ వచ్చి ముగ్గురు చనిపోయారు. రోగం వేరు, దారి వేరు. అయినా కొత్త గదిలో అడుగుపెట్టేముందు గాలి ఆడించుకోవడం ఎప్పుడూ మంచి అలవాటే. జూలై 6న 239 మంది శాస్త్రవేత్తలు ఈ కరోనా గాలిలో కూడా వ్యాపిస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి బహిరంగంగా చెప్పారు, అది చదివాక మా ఆయన చేసింది సరైనదేనని ఇంకా గట్టిగా అనిపించింది.

వంటిల్లు ఉన్న ఇల్లు చూసుకోండి. బియ్యం, కందిపప్పు, చింతపండు పులుసు, పెరుగు అన్నీ ఇంటి నుంచే పట్టుకెళ్ళాం. రెండు పూటలూ పులిహోర, పెరుగన్నం, ఊరమిరపకాయలు. చుట్టుపక్కల హోటల్లో అడుగుపెట్టలేదు. అక్కడి చిన్న వ్యాపారాలకి మన డబ్బు అందకపోవడం నాకు బాధగానే ఉంది, అందుకని బయటే నిలబడి కొనుక్కోగలిగిన పళ్ళు, తేనె ఒక బండి దగ్గర కొన్నాం. కానీ ఇంకో వైపూ ఆలోచించాలి. లోయ ఉన్న మారిపోసా కౌంటీ జనాభా ఇరవై వేల లోపు. అంత చిన్నచోట ఆసుపత్రి మంచాలు ఎన్నుంటాయి? మనం రోగం మోసుకెళ్ళినా, అక్కడ కాలు విరగ్గొట్టుకున్నా ఆ భారం మోసేది వాళ్ళే. అందుకే వెళ్ళేముందు పది రోజులు మా ఆయన కిరాణాకి కూడా పోలేదు, సరుకులు గుమ్మం ముందుకే తెప్పించుకున్నాం. రాళ్ళెక్కే సాహసాలూ పెట్టుకోలేదు.

సోమవారం పొద్దున ఆరు దాటాక గేటు చేరాం. 120 మీద గేటుకి ముందు మైళ్ళ తరబడి మోడులే కనిపిస్తాయి, 2013లో రిమ్ ఫైర్ 2 లక్షల 57 వేల ఎకరాలు కాల్చిన ఆనవాళ్ళు. వాటి కింద అడుగెత్తు పొదలు పచ్చగా లేచాయి. లోయలోకి దిగే దారిలో సొరంగాలు దాటగానే ఎల్ కాపిటన్ కనపడింది. మూడు వేల అడుగుల ఒకే రాయి. నాన్న "ఆపండి అల్లుడు గారూ" అన్నారు. ఆపే చోటు లేదు, మెల్లగా పోనిచ్చారు.

లోయంతా కనపడే టన్నెల్ వ్యూ అనే చోట మాత్రం ఆగి, కారు దిగకుండానే వచ్చేశాం. ఎనిమిదిన్నరకే అక్కడ గోడ పొడుగునా జనం, ఫొటో కోసం మాస్కు తీసి ఒకరి భుజం ఒకరికి రాసుకుంటూ నిలబడ్డారు. నేను భయపడిన మొదటి సందర్భం అది. ఆ దృశ్యం కావాలంటే తెల్లారే వెళ్ళాలి. దాని బదులు లోయ నుంచి బయటికి పోయే దారిలో వ్యాలీ వ్యూ అని చిన్న మలుపుంది, నది ఒడ్డునే. అక్కడ మేం ఉన్నంతసేపూ ఇంకో రెండే కార్లు. ఎల్ కాపిటన్ అటు, ఎదురుగా బ్రైడల్‌వీల్ జలపాతం, కాళ్ళ దగ్గర మెర్సెడ్ నది. నాకు అడిగితే టన్నెల్ వ్యూ కంటే ఇదే బాగుంది, ఎందుకంటే పెద్దవాళ్ళు కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. బ్రైడల్‌వీల్ దగ్గరికి వెళ్ళే కాలిబాట అప్పుడు మరమ్మతులకి మూసి ఉంది, దూరం నుంచే చూశాం.

లోయలో ఈసారి షటిల్ బస్సులు లేవు. మొదట ఇబ్బందనిపించినా అదే సరైన నిర్ణయం. మూసిన బస్సులో పక్కపక్కన కూర్చునే కంటే సొంత కారే నయం. పార్కింగు పొద్దున తొమ్మిదిలోపు హాయిగా దొరికింది. కార్లు సగానికి తగ్గడం అక్కడే తెలుస్తుంది. ఇదివరకు వేసవిలో వచ్చినప్పుడు లోయలో గంటసేపు బండి కదలక పిల్లాడు ఏడ్చిన సంగతి నాకు గుర్తుంది. ఈసారి రోడ్డు మీద లేళ్ళు దాటుతున్నాయి.

కుక్స్ మెడో అనే పచ్చిక మైదానం మీద చెక్కబాట వేశారు, చదునుగా ఉంటుంది, చేతికర్రతో నాన్న బాగా నడిచారు. ఎవరైనా ఎదురొస్తే ఒక పక్కకి గడ్డి వైపు ముఖం తిప్పి నిలబడేవాళ్ళం. ఎదుటివాళ్ళు కూడా మాస్కు పైకి లాక్కుని, చెయ్యి ఊపి వెళ్ళారు. ఎదురుగా యోసెమిటీ జలపాతం. మూడు అంచెల్లో మొత్తం 2,425 అడుగులు. వర్షాలు తక్కువైన ఏడాది, అయినా జూన్ నెలాఖరుకి నీళ్ళు బాగానే ఉన్నాయి, ఆగస్టుకి ఎండిపోతాయి, వెళ్ళేవాళ్ళు తొందరపడండి. నాన్న మన ఎత్తిపోతల జలపాతాన్ని ఎన్నోసార్లు చూసినవారు. అది 70 అడుగులు. తల వెనక్కి వాల్చి, ఒక చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, చాలాసేపు అలాగే నిలబడ్డారు. గాలి వచ్చినప్పుడు పై నుంచి పడే నీళ్ళు దారంలా పక్కకి కొట్టుకుపోయి మళ్ళీ రాతికి అంటుకుంటున్నాయి. మాస్కు మీద చీర జరీ తడిసి మెరుస్తుంటే, అప్పుడు చూశాను, ఆయన కళ్ళమ్మట నీళ్ళు. నేనేమీ అడగలేదు.

మా ఆయనా బాబూ మధ్యాహ్నం మిస్ట్ ట్రయల్ ఎక్కారు, 317 అడుగుల వర్నల్ జలపాతం తల దాకా. తడి రాతిమెట్లు, ఇరుకు. ఎదురెదురుగా మనుషులు రాసుకోకుండా ఉండాలని ఆ మెట్లని పగటిపూట ఎక్కడానికే ఉంచారు, దిగడానికి క్లార్క్ పాయింట్ మీదుగా జాన్ మ్యూర్ ట్రయల్. దిగే దారి చుట్టు ఎక్కువ, గంట అదనంగా పట్టిందన్నారు. ఆ ఏర్పాటు చాలా మంచిదన్నారు మా ఆయన, కానీ కింద వంతెన దగ్గర గుంపు ఉందట, అక్కడ ఆగొద్దు. షటిల్ లేదు కాబట్టి కారు పెట్టినచోటి నుంచి బాట మొదలయ్యేదాకా నడకే ముప్పావు మైలు అయింది, నీళ్ళు ఆ లెక్కన పట్టుకెళ్ళారు.

మారిపోసా గ్రోవ్ మహావృక్షాలు నాన్నకి చూపించలేకపోయాను. 2020 వేసవిలో అక్కడికీ బస్సు లేదు, పోను రెండు మైళ్ళు, రాను రెండు మైళ్ళు నడవాల్సి వచ్చేది. పెద్దవాళ్ళతో అది కుదరలేదు.

రెండో రోజు తియోగా రోడ్డు, పార్కులో ఎత్తైన కొండల మీదుగా పోయే దారి. ఈ ఏడు జూన్ 15న తెరిచారు. లోయ చూసి తిరిగొచ్చేసేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, పెద్దవాళ్ళతో కరోనాలో వెళ్ళాల్సిన చోటు ఇదే. రోడ్డు పక్కనే కొండలు, చెరువులు, మైదానాలు, ఎక్కడ పడితే అక్కడ విశాలం. ఓమ్‌స్టెడ్ పాయింట్ నుంచి హాఫ్ డోమ్ అనే పెద్ద రాతికొండ వీపు కనపడుతుంది. తెనాయా చెరువు ఒడ్డున ఇసకలో దుప్పటి పరిచి మూడు గంటలు కూర్చున్నాం. మాకు దగ్గరగా ఉన్న ఇంకో కుటుంబం వంద అడుగుల దూరంలో ఉంది. మాస్కులు తీసి అన్నం తిన్నాం. అమ్మ పులిహోర స్టీలు డబ్బా మూత తీస్తే ఇంగువ, వేయించిన వేరుశనగపప్పు వాసన ఆ చల్లగాలిలో అలా లేచింది. దోమలు మాత్రం చాలా ఉన్నాయి, పొడుగు చేతుల చొక్కాలు, పూసుకునే మందు తప్పనిసరి.

అక్కడే నేను రెండోసారి భయపడ్డాను. తిన్నాక అలవాటుగా నాన్న వేలికి మీటరు పెడితే 91 చూపించింది. ఇంట్లో ఎప్పుడూ 97. నా చేతులు చల్లబడ్డాయి. అమ్మకి పెడితే 92. బాబుకి 94. నాకు 93. అప్పుడు గుర్తొచ్చింది, ఆ చెరువు ఉన్నది 8,150 అడుగుల ఎత్తున. ఎత్తు పెరిగితే అందరికీ తగ్గుతుంది. నాన్నకి ఆయాసం లేదు, మాట తడబడలేదు, హాయిగా ఉన్నారు. అయినా గంటలో దిగడం మొదలుపెట్టాం, గ్రోవ్‌లాండ్ చేరేసరికి 96కి వచ్చింది. మీటరు తీసుకెళ్ళేవాళ్ళు ఇంటి అంకె, కొండ అంకె రెండూ వేరని తెలుసుకోండి. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరుని అడగకుండా ఆ రోడ్డెక్కొద్దు.

పార్కు లోపలి బాత్రూములు రెండుసార్లే వాడాం. నీళ్ళు లేని గుంట మరుగుదొడ్లు చాలాచోట్ల ఉంటాయి, వాటి దగ్గర చేతులు కడుక్కునే వీలుండదు, మన క్యాను అక్కడ అక్కరకొచ్చింది. లోపల మనిషి బయటికి వచ్చాక తలుపు తెరిచి పట్టుకుని రెండు నిమిషాలు ఆగి, మాస్కు తియ్యకుండా వెళ్ళి వెంటనే వచ్చేయాలి. చెరువు దగ్గర ఒకామె మా అమ్మ వెనకే ఆనుకుని నిలబడింది. నేను మధ్యలోకి వెళ్ళి, పెద్దావిడ, కొంచెం దూరం ఉండండి అని అడిగితే క్షమించమని వెనక్కి జరిగింది. అడగడానికి మొహమాటపడొద్దు.

తిరుగు దారిలో క్రేన్ ఫ్లాట్ దాటాక అమ్మకి ఒక షుగర్ పైన్ కాయ దొరికింది. తన రెండు జానల పొడుగు, రేకులు విచ్చి, అంచుల్లో బంక. ఒళ్ళో పెట్టుకుని నిమిరి, తెనాలి తీసుకెళ్ళి అందరికీ చూపిస్తానంది. "అమ్మమ్మా, పార్కులోంచి ఏదీ తీసుకెళ్ళకూడదు, ఉడతలకి కావాలి" అన్నాడు బాబు. అమ్మ ఒక్క మాట అనకుండా లేచి వెళ్ళి, ఏ చెట్టు కింద తీసిందో ఆ చెట్టు కిందే, ఎలా ఉందో అలాగే పెట్టి వచ్చింది. చేతికంటిన బంక కొబ్బరినూనెతో రుద్దినా రెండు రోజులు వదల్లేదు, వాసన చూసుకుంటూనే ఉంది.

ఇది రాస్తుండగానే ఒక వార్త వచ్చింది. పార్కు క్లినిక్‌లో ఎవరికీ పాజిటివ్ రాకపోయినా, అక్కడి మురుగునీటిని పరీక్షిస్తే అందులో వైరస్ ఆనవాళ్ళు దొరికాయట. చదివి మా అక్క హైదరాబాదు నుంచి ఫోన్ చేసి కేకలేసింది. అక్క భయం నాకు అర్థమైంది. జబ్బున్నవాళ్ళు అక్కడికి వచ్చి వెళ్తున్నారు, అందులో అనుమానం లేదు. మాతో పాటే వచ్చి ఉంటారు కూడా. మేం వాళ్ళతో ఒకే గదిలో గాలి పీల్చలేదు, అంతే తేడా. గది బుక్ చేసుకుని లోయలోనే ఉండాలనీ, హోటల్లో తినాలనీ అనుకునేవాళ్ళకి నేను ఇప్పుడు వద్దనే చెప్తాను. వంటసామాను, కమోడు, నీళ్ళ క్యాను కారులో వేసుకుని, వారం మధ్యలో, తెల్లారి వెళ్ళగలిగేవాళ్ళు వెళ్ళండి. పది రోజుల ముందు నుంచి ఇంట్లో ఉండగలిగితేనే వెళ్ళండి. ఇంట్లో ఎవరికి గొంతు గరగరలాడినా ఆ 2 డాలర్లు పోతే పోనివ్వండి.

నాన్నకి ఇంకా విమానం తేదీ రాలేదు. నిన్న రాత్రి బాబుని పక్కన కూర్చోబెట్టుకుని పటం మీద హాఫ్ డోమ్ ఎదురుగా ఉన్న గ్లేసియర్ పాయింట్ వెతికారు. కారు అంచు దాకా పోతుందట, నడక తక్కువట, ఎత్తు 7,200 అడుగులేనట, అన్నీ కనుక్కుని నాకు చెప్పారు. వచ్చే మంగళవారానికి స్లాట్లు ఆదివారం పొద్దున తెరుస్తారు. కమోడు సంచీలు, దోమల మందు మళ్ళీ తెప్పించాను. అమ్మ ఆ మంగళగిరి కొంగులో మిగిలిన ముక్క కత్తిరిస్తోంది.